ఇంజనీరమ్మకు తెలియని వాసన

అంతకుముందు ఆమె పనిచేసిన చోట వాసన అంటే ప్రమాదమే. అది ఎరువుల ఫ్యాక్టరీ. అమ్మోనియా ముక్కుకు తగిలిందంటే ముందు గాలి ఎటు వీస్తోందో చూసుకుని, దానికి అడ్డంగా నడిచి బయటపడాలి. మిగతా ఆలోచనలన్నీ ఆ తర్వాతే. అక్కడ ఏళ్ల తరబడి కెమికల్ ఇంజనీరుగా చేసిన మనిషి, భర్త వేరే ఊళ్లో పళ్ల ఆసుపత్రి పెట్టుకోవడంతో, ఆ ఊళ్లోనే ఉన్న సుగంధ ద్రవ్యాల కంపెనీలో చేరింది. సబ్బుల్లోకీ, సెంట్లలోకీ, బట్టలుతికే పొడుల్లోకీ కావలసిన వాసనలు అక్కడ తయారవుతాయి. వాసన రాకుండా చూసుకోవడమే పనిగా బతికిన ఆమెకు, వాసన పుట్టించడమే పనిగా పెట్టుకున్న ఆ చోటు మొదట్లో అంతా తలకిందులుగా కనిపించింది.

ఆమెకు అప్పగించింది కస్తూరి యూనిట్. జింకతో ఏ సంబంధమూ లేని కస్తూరి అది. రియాక్టర్లో పుట్టి, పెద్ద స్టీలు పాత్రలో మరిగి, ఆవిరై, చల్లబడి, లేత నూనెలా డ్రమ్ముల్లోకి దిగుతుంది. మామూలుగా కాస్తే మాడిపోతుంది కాబట్టి పాత్రలోని గాలిని పంపుతో లాగేసి, తక్కువ వేడికే మరిగేలా చేస్తారు. ఆ పని వరకూ ఆమెకు కొట్టిన పిండే. పేరు మాత్రం అక్కడ మారింది. ఆపరేటర్లందరూ 'ఇంజనీరమ్మ' అనడం మొదలుపెట్టారు, అదే స్థిరపడింది.

చేరిన మొదటి రోజునే ఆమెను వాసనల గదికి తీసుకెళ్లారు. తెల్లటి గోడలు, గోడల నిండా అరలు, అరల నిండా చిన్న చిన్న గోధుమరంగు సీసాలు. వాటి మధ్య కూర్చునే పెద్దాయన ముక్కు దాటకుండా ఏ బ్యాచ్ కూడా బయటికి వెళ్లదు. వెనకాల అందరూ ఆయన్ని 'ముక్కు మాస్టారు' అంటారు, ఎదురుగా ఆ మొదటి మాట మింగేసి 'మాస్టారు' అంటారు. ఆయన సన్నటి కాగితపు పట్టీ కొసను సీసాలో ముంచి ఆమె చేతికిచ్చాడు.

"ఇదేనమ్మా మన కస్తూరి. ఇవాళ్టి నుంచి దీని ఆలనా పాలనా మీదే."

ఆమె ముక్కు దగ్గర పెట్టుకుంది. కాగితం వాసన వచ్చింది. ఇంకాస్త గట్టిగా పీల్చింది. ఇంకాస్త కాగితం వచ్చింది.

మాస్టారు కళ్లు మూసుకుని తన పట్టీని ముక్కు కింద అటూ ఇటూ ఆడిస్తున్నాడు. తలుపు దగ్గర సీనియర్ ఆపరేటరు నిలబడి ఆమె మొహంలోకే చూస్తున్నాడు. ఆయన్ని మేనేజరు దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరూ 'బాబాయి' అనే పిలుస్తారు. ఆమెకు విషయం అర్థమైపోయింది, అర్థమైందనుకుంది. కొత్తవాళ్లను ఆటపట్టించడం ప్రతి ఫ్యాక్టరీలోనూ ఉన్నదే. ఎరువుల ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో, అసలు లేని ఒక వాల్వును వెతుక్కు రమ్మని పంపిస్తే ఒళ్లంతా గ్రీజు పూసుకుని తిరిగింది. ఈసారి ఆ పప్పులేం ఉడకవనుకుంది.

"చాలా బావుంది మాస్టారూ. మంచినీళ్లలా ఉంది," అంది నవ్వుతూ.

ఎవరూ నవ్వలేదు. బాబాయి మాస్టారి వంక చూశాడు. మాస్టారు కళ్లు తెరిచి, ఆమె చూస్తుండగానే ఇంకో పట్టీ ముంచి ఇచ్చాడు. ఈసారి చివర తడి మెరుస్తూ కనిపించింది. అయినా కాగితమే.

"ఏమీ రావట్లేదా?"

"నిజంగానే ఏమీ రావట్లేదండీ."

ఆయన ఇంకో సీసా తీశాడు. నిమ్మ. వచ్చింది. మరోటి తీశాడు. మిరియాలు. ఇంకోటి చూపించేలోపే ఆమె "కర్పూరం" అంది. ముక్కు శుభ్రంగా పనిచేస్తోంది. కస్తూరి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరో దీపం ఆర్పేసినట్టు అయిపోతోంది.

"ఇది జబ్బేం కాదమ్మా, కంగారు పడకండి," అన్నాడు మాస్టారు. "కొందరి ముక్కులో ఒక్కో వాసనకి తలుపుండదు. పుట్టుకతోనే అంతే. కస్తూరి విషయంలో ఇలాంటివాళ్లున్నారని వినడమే గానీ ఇన్నేళ్లలో నాకెవరూ తగల్లేదు. మీ పనికేం అడ్డం లేదు. వాసన చూడ్డానికి నేనున్నాను. మీరు వేడీ, వాక్యూమూ చూసుకుంటే చాలు."

ఆమె కంగారు పడలేదు. కాకపోతే ఆ రోజంతా ఒకటే ఆలోచన చెవిలో జోరీగలా తిరుగుతూ ఉండిపోయింది. తను పొద్దస్తమానం తయారుచేయించబోయే వస్తువు తనకు తప్ప అందరికీ తెలుసు. అదెలా ఉంటుంది?

సాయంత్రం ఒక పట్టీని చిన్న సీసాలో బిగించి ఇంటికి తెచ్చింది. భర్త ఆసుపత్రి నుంచి వచ్చి సోఫాలో కాళ్లు చాపుకోగానే ముక్కు ముందు పెట్టింది.

"ఎలా ఉంది?"

"బావుంది."

"బావుందంటే ఎలా? నోరు తెరిచి చెప్పండి."

"రోజంతా నేను చెప్పే మాట నాకే చెబుతున్నావా," అన్నాడు పళ్ల డాక్టరు. మళ్లీ పీల్చాడు. "ఎలా చెప్పను... ఎండలో ఆరేసిన దుప్పటి తెచ్చి మంచం మీద పడేశాక, అందులో దూరితే ఉంటుందే, అలా."

పక్కనే బొమ్మలేసుకుంటున్న కూతురు చిట్టి వచ్చి పట్టీ లాక్కుంది. "అబద్ధం. ఇది కొత్త బొమ్మ జుట్టు వాసన," అని తీర్పు చెప్పి మళ్లీ రంగులేసుకోవడానికి వెళ్లిపోయింది.

దుప్పటికీ బొమ్మ జుట్టుకీ మధ్య వంతెన వేయడం ఆమెకు చేతకాలేదు. మర్నాడు మేనేజర్ని అడిగితే ఆయన ఏమాత్రం ఆలోచించకుండా "శుభ్రంగా ఉంటుంది" అన్నాడు. శుభ్రానికి వాసనేమిటి, వాసన లేకపోవడమే కదా శుభ్రం అని ఆమె లోపల్లోపల వాదించుకుంది. బాబాయి చాలాసేపు గడ్డం గోక్కుని, "మా మనవరాలి మెడ ఒంపులో ముక్కు పెడితే వస్తుందమ్మా. పాలవాసన కాదు, దానికింద ఇంకోటుంటుంది చూడండి, అదీ," అన్నాడు. చెబుతున్నప్పుడు ఆయన మొహం మెత్తబడింది. ఆ మెత్తదనం చూశాక ఆమెకు ఇంకా పట్టుదల పెరిగింది.

ఇక మిగిలింది ఇంజనీరమ్మ వాళ్లమ్మ. పెద్దావిడ కూతురి దగ్గరే ఉంటుంది. ఒకప్పుడు సొంతంగా బట్టల కుట్టు దుకాణం నడిపిన మనిషి, ఇప్పటికీ మెడలో టేపు వేసుకుంటే గానీ ఆవిడకు ఒంటి మీద ఏదో తక్కువైనట్టుంటుంది. మిషను మీంచి తల ఎత్తకుండానే పట్టీ తీసుకుని వాసన చూసింది.

"ఇదేంటే, కాగితం."

"సరిగ్గా చూడమ్మా."

"సరిగ్గానే చూశాను. కాగితమే. అల్లుడితో కలిసి నన్ను ఆట పట్టిస్తున్నావా?"

ఇంజనీరమ్మ కుర్చీ లాక్కుని తల్లి ఎదురుగా కూర్చుంది. తలుపు లేని ముక్కు తనకు ఎక్కణ్ణించి వచ్చిందో తెలిసిపోయింది. విషయమంతా చెప్పింది. పెద్దావిడ శ్రద్ధగా విని, మళ్లీ సూదిలో దారం ఎక్కిస్తూ, "పోనీలే. ఇన్నేళ్లూ లేదని కూడా తెలీకుండా గడిచింది. లేనిదాని కోసం బెంగెందుకు?" అంది.

"బెంగ కాదమ్మా. తెలుసుకోవాలని."

"నీ సంగతి నాకు తెలీదా. అద్దంలో ఉన్న పిల్ల వెనకాల ఎక్కడ నిలబడిందో చూస్తానని ఏడ్చి ఏడ్చి, గోడ మీది అద్దం దింపించినదానివి."

కొన్నాళ్లకు మాటల మధ్యలో మాస్టారు ఇంకో సంగతి చెప్పాడు. మొదట ఏమీ రానివాళ్లకు కూడా, రోజూ వాసన చూస్తూ ఉంటే ఒక్కోసారి ముక్కు నేర్చుకుంటుందట. అందరికీ కాదు, కొందరికి. ఆయన ఆ మాట అనేసి మర్చిపోయాడు. ఆమె మర్చిపోలేదు. అప్పటినుంచి రోజూ పొద్దున్న యూనిట్లోకి అడుగుపెట్టగానే, హెల్మెట్ తగిలించుకునే ముందు, ఒక పట్టీ కస్తూరిలో ముంచి వాసన చూడటం అలవాటు చేసుకుంది. రోజూ కాగితమే. అయినా మానలేదు.

ఆ అలవాటే ఒక రోజు ఇంకో దారిలోకి తీసుకెళ్లింది.

అప్పుడే దిగిన బ్యాచ్‌లో ముంచిన పట్టీ అది. ఎప్పట్లాగే ముక్కు దగ్గర పెట్టుకుంది. కాగితం. దాని వెనకాల, చాలా దూరంగా, ఇంకేదో. వచ్చేసింది అనుకుంది ఆమె. మళ్లీ పీల్చింది. కాదు. దుప్పటి కాదు, బొమ్మ జుట్టు కాదు. పచ్చి ఆకును వేళ్ల మధ్య నలిపితే వచ్చే ఘాటు, దానికి కొంచెం మందుల షాపు తోడైనట్టు.

పట్టీ పట్టుకుని వాసనల గదికి వెళ్లింది. "మాస్టారూ, దీంట్లో ఆకు వాసన ఏమైనా ఉంటుందా?"

"ఆకా? కస్తూరిలో ఆకేంటమ్మా?" ఆయన పట్టీ తీసుకుని కళ్లు మూసుకున్నాడు. "ఏం లేదే. బ్రహ్మాండంగా ఉంది."

ల్యాబ్ రిపోర్టు కూడా బ్రహ్మాండంగానే ఉంది. గ్రాఫులో ఓ పక్కన ఏ పదార్థానిదో తెలియని చిన్న గీత ఒకటి కనబడింది గానీ, అది ఉండొచ్చునన్న హద్దులోపలే ఉంది. ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారు. ఆమె మాత్రం భోజనం డబ్బా పక్కన పెట్టి శాంపిల్ గదికెళ్లింది. ప్రతి బ్యాచ్ నుంచీ ఒక సీసా తీసి అక్కడ దాస్తారు. కిందటి ఏడాదివి తీసి చూసింది, కాగితం తప్ప ఏమీ లేదు. ఇటీవలివి చూసింది. ఒక దాంట్లో ఉందా లేదా అన్నట్టుంది. దాని తర్వాతది ఉంది. ఆ తర్వాతది ఇంకాస్త ఉంది. అంటే ఆ ఆకు ఎక్కణ్ణించో మెల్లగా పెరుగుతూ వస్తోంది.

తిరిగి వెళ్లి మాస్టారికి చెబితే ఆయన ఆ సీసాలన్నీ తెప్పించాడు. సీసాలు వరసగా పెట్టుకుని తనూ చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"నాకు దొరకట్లేదు. మీకెందుకు దొరుకుతోందో తెలుస్తోందా?" అన్నాడు చివరికి. "నాకు కస్తూరి అడ్డమొస్తోంది. డోలు మోగుతుంటే పక్కన దోమ పాట ఎవరికి వినబడుతుంది? మీకు డోలు లేదు. దోమ ఒక్కటే ఉంది."

"అయితే ఆ దోమ ఎక్కడిదో చూడాలి."

ఆ మధ్యాహ్నం యూనిట్లో పనిచేసేవాళ్లు ఒక వింత చూశారు. ఇంజనీరమ్మ ముక్కు ముందుకు పెట్టుకుని ఫ్యాక్టరీ అంతా తిరుగుతోంది. ముడిసరుకు డ్రమ్ముల మూతలు తీయించి దూరం నుంచి చేత్తో గాలి విసురుకుని చూసింది. కడిగే నీళ్లు చూసింది. స్టోర్లో ఉన్న గాస్కెట్లు ఒక్కొక్కటే చూసింది, రబ్బరు వాసన. వాక్యూమ్ పంపులో పోసే నూనె చూసింది, మామూలు యంత్రాల జిడ్డు వాసన. బాబాయి ఆమె వెనకాలే తిరుగుతున్నాడు.

"ఏం పోగొట్టుకున్నారమ్మా?"

"నలిపిన ఆకు బాబాయ్."

"ఈ సిమెంటు మీద ఆకెక్కడ దొరుకుతుందమ్మా," అన్నాడు గానీ, ఆ తర్వాత నుంచి మూతలు తనే తీసి పెట్టడం మొదలుపెట్టాడు.

ఇద్దరూ తిరిగి తిరిగి షెడ్డు వెనక్కి వచ్చారు. అక్కడ గోడవార కొన్ని డ్రమ్ములున్నాయి. పాత్రలోని కస్తూరిని మరిగించడానికి లోపల చుట్టలు చుట్టిన గొట్టం ఒకటి ఉంటుంది. ఆ గొట్టంలో ఒక రకం వేడినూనె తిరుగుతుంది. కొలిమి దగ్గర వేడెక్కి, గొట్టంలోకి వచ్చి, వేడి ఇచ్చి, మళ్లీ వెనక్కి వెళ్తుంది. అది ఎక్కడా గాలికి తగలదు, కస్తూరికీ తగలకూడదు. తగ్గినప్పుడు పోయడానికి తెచ్చిన డ్రమ్ములే అవి. ఆమె వాటిని దాటి వెళ్లబోయి ఆగింది. తను చేరినప్పటి నుంచి ఆ నూనె కాగితాల మీదే గానీ ఎదురుగా ఎన్నడూ చూడలేదు.

"బాబాయ్, దీని మూత తియ్యండి."

మూత వదులు కాగానే నలిపిన ఆకు వాసన గుప్పుమంది.

దొరికిందన్న సంతోషం వచ్చిన వేగంతోనే పోయింది. ఆ నూనె కస్తూరిలో కనబడుతోందంటే, లోపలి గొట్టానికి ఎక్కడో చిల్లు పడినట్టు. గొట్టంలో ఒత్తిడి ఉంటుంది, పాత్రలో గాలి కూడా ఉండదు. ఎంత సన్నటి చిల్లు దొరికినా నూనె లోపలికి దూరుతుంది. ఇవాళ సూదిమొనంత ఉన్నది రేపు పగులైతే, అంత వేడి నూనె ఒక్కసారి పాత్రలోకి దూకుతుంది. ఆ తర్వాత జరిగేదాన్ని ఊహించుకోవడం ఆమె ఉద్యోగంలో భాగం, కానీ ఇష్టమైన భాగం కాదు.

"ఈమధ్య నూనె ఎక్కువ పోయాల్సి వస్తోందా బాబాయ్?"

"వస్తోందమ్మా. ఆ నూనెను తిప్పే పంపు సీలు కారుతోందని పోస్తున్నాం."

ఇద్దరూ పంపు దగ్గరికి వెళ్లారు. కింద పెట్టిన రేకులో నాలుగు బొట్లు ఉన్నాయి. ఆ బొట్లకీ, పోసిన నూనెకీ ఎక్కడా పొంతన లేదు. బాబాయి రేకు వైపూ, పైన ఎత్తుమీదున్న పాత్ర వైపూ మార్చి మార్చి చూశాడు. ఇంకేమీ చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

మేనేజరు గదిలో మాత్రం చెప్పాల్సి వచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు. కాకపోతే మర్నాటి నుంచి పెద్ద ఆర్డరు మొదలవబోతోంది, పాత్రలో అప్పటికే తర్వాతి బ్యాచ్ నింపి ఉంది.

"ల్యాబ్ బాగానే ఉందంటోంది. మాస్టారు బాగానే ఉందంటున్నారు. కస్తూరి వాసనే తెలియని మీరు బాగాలేదంటున్నారు. నేను ఏం చేయాలో మీరే చెప్పండి."

"ఆపాలండీ."

"సరే, నింపిన ఈ ఒక్క బ్యాచ్ కానిచ్చి ఆపుదాం."

"లేదండీ. వేడి చేయకుండానే ఆపాలి. చిల్లు పెద్దదవడం ముందే చెప్పి రాదు."

ఆయన పెన్ను టేబుల్ మీద దొర్లిస్తూ కూర్చున్నాడు. అప్పుడు మాస్టారు లోపలికి వచ్చాడు. చేతిలో పట్టీల కట్ట ఉంది. ఒక్కో పట్టీ ఒక్కో బ్యాచ్‌లో ముంచి, చేత్తో పట్టుకునే కొస వెనకవైపు బ్యాచ్ తేదీ రాసి, దాని మీద టేపు అంటించాడు. వాటిని పేకముక్కల్లా కలిపి ఆమె ముందు పెట్టాడు.

"ఆకు తక్కువ ఉన్నదాని నుంచి ఎక్కువ ఉన్నదాని దాకా వరసగా పెట్టండమ్మా."

ఆమె కిటికీ దగ్గరికి కుర్చీ జరుపుకుని కూర్చుంది. ఒక్కోటి తీసి చూస్తూ, మధ్య మధ్యలో తన సొంత చొక్కా చేతిలో ముక్కు పెట్టి తేరుకుంటూ, కిటికీ అంచు మీద పేర్చుకుంటూ పోయింది. రెండింటి దగ్గర తటపటాయించి, స్థానాలు మార్చి, మళ్లీ మార్చింది. చివరికి చేతులు తీసేసింది. మేనేజరు లేచివచ్చి టేపులు ఊడదీశాడు. తేదీలు పాతదాని నుంచి కొత్తదాని దాకా, ఆమె తటపటాయించిన ఆ రెండూ తప్ప, వరసగా నిలబడ్డాయి. ఆ రెండూ ఒకే వారంలో చేసినవి.

మేనేజరు ఫోను తీసి, పాత్ర ఖాళీ చేయమని చెప్పాడు. ఆర్డరు ఇచ్చినవాళ్లకు ఏం చెప్పుకోవాలో ఆలోచించుకుంటూ కాఫీ తెప్పించుకున్నాడు, కానీ అందరికీ తెప్పించాడు.

పాత్రను చల్లార్చి, కడిగి, లోపలికి మంచి గాలి ఊది, మనిషి దిగొచ్చని పరీక్షించి ధ్రువపరిచాక, ఫిట్టరుతో పాటు ఆమె కూడా దిగింది. దిగనక్కర్లేదు. చూడకుండా ఉండలేక దిగింది. పైన మూత దగ్గర బాబాయి ఆమె నడుముకు కట్టిన తాడు పట్టుకుని నిలబడ్డాడు. ఎంత కడిగినా పోని కస్తూరి ఆయన మీదికి తన్నుకొస్తోంది కాబోలు, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. లోపల నిలబడ్డ ఆమెకు తడి స్టీలు వాసన, సబ్బు వాసన, సన్నగా ఆకు వాసన, అంతే. టార్చి వెలుగులో గొట్టం చుట్టలు చుట్టలుగా మెరుస్తోంది. బయట నుంచి గొట్టంలోకి నైట్రోజన్ ఎక్కించారు. ఫిట్టరు బ్రష్షుతో సబ్బునీళ్లు పూసుకుంటూ వస్తున్నాడు. మొదటి చుట్ట, ఏమీ లేదు. రెండోది, ఏమీ లేదు. ఇన్నాళ్లూ తన ముక్కు తనను వెర్రిదాన్ని చేసిందేమోనన్న అనుమానం కూడా ఒక క్షణం వచ్చిపోయింది. కింది చుట్టల దగ్గర, గొట్టాన్ని పట్టి ఉంచే బిగింపు కింద, సబ్బు నురగలో ఒక బుడగ లేచింది. ఆవగింజంత. పగిలింది. దాని చోటే మరొకటి లేచింది.

"పైకి చెప్పండి, దొరికింది," అంది మెల్లగా, గట్టిగా అంటే ఆ బుడగ బెదిరిపోతుందేమో అన్నట్టు.

గొట్టం అదిరినప్పుడల్లా ఆ బిగింపుకు రాసుకుని రాసుకుని అరిగిపోయింది. ఆ ముక్క కోసేసి కొత్తది అతికారు, బిగింపులన్నీ మార్చారు. ఆఖరి బ్యాచ్ ఇంకా గోడౌన్‌లోనే ఉంది, దాన్ని మళ్లీ శుద్ధి చేశారు. అంతకుముందు వెళ్లినవాటి గురించి కొన్నవాళ్లకు మేనేజరే స్వయంగా ఫోన్లు చేశాడు. మరమ్మతు తర్వాత దిగిన మొదటి బ్యాచ్‌ను ఆమె వాసన చూసింది. కాగితం. ఇంత హాయిగా కాగితం వాసన ఎప్పుడూ రాలేదనిపించింది.

వారం తిరక్కుండా మాస్టారు ఆమెను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాడు.

"ఇకనుంచి ప్రతి బ్యాచ్‌నూ ముందు మీరు చూడాలి, తర్వాత నేను. మేనేజరు కూడా ఒప్పుకున్నాడు. కస్తూరి అందని ముక్కు ఇన్నాళ్లూ మనకు లేకపోవడమే తప్పు."

ఆమె కాసేపు చేతి వేళ్ల వంక చూసుకుంది. "మాస్టారూ, ఒక సంగతుంది. రోజూ పొద్దున్న నేను కస్తూరి వాసన చూస్తున్నాను. నేర్చుకోవాలని."

ఆయన కళ్లద్దాలు తీశాడు. "ఎన్నాళ్ల నుంచి?"

"మీరు చెప్పినప్పటి నుంచి."

"నేనా చెప్పాను?" ఆయన తల పట్టుకున్నాడు. "ఆపెయ్యండమ్మా. ఇవాళే ఆపెయ్యండి. ఆ వాసన మీకు పట్టుబడిందంటే మీకూ డోలు వచ్చేస్తుంది. మీరూ నాలాగే అయిపోతారు. నా లాంటివాళ్లు ఊరికి పదిమంది దొరుకుతారు."

"మీలాగే అవ్వాలనే కదండీ."

"మీరు లేకపోతే మొన్న ఏమయ్యేదో ఆలోచించారా?"

ఆలోచించింది. ఆ రాత్రి భోజనాల దగ్గర కూడా అదే ఆలోచన. కంపెనీకి తను పనికొచ్చేది ఆ వాసన రానంత కాలమే. భర్త "నీ ఇష్టం" అన్నాడు, అది సలహా కింద లెక్కకు రాదు. తల్లి మాత్రం, "వాళ్లకు కావలసింది ఆ వాసన రాని ముక్కేగా? లోకంలో నీదొక్కటేనా?" అంది కంచం ముందు నుంచి లేస్తూ.

ఆ మాట మర్నాడు మాస్టారి దగ్గర అంది. ఆయనకు నచ్చింది. రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం క్యాంటీన్ గుమ్మంలో ఆయనే ఒక స్టూలు వేసుకుని, లోపలికి వచ్చే ప్రతివాళ్లకూ మూడేసి పట్టీలు ఇచ్చాడు. రెండు ఖాళీవి, ఒకటి కస్తూరిది. ఏది వేరో చెబితే గానీ లోపలికి పోవడానికి లేదు. ఆకలి మీదున్న జనం టపటపా చెప్పేసి వెళ్లిపోతున్నారు. ప్యాకింగ్ వాళ్లు చెప్పారు, డ్రైవర్లు చెప్పారు, జలుబు చేసిన వాచ్‌మన్ కూడా చెప్పాడు. చిట్టచివర అకౌంట్లు చూసే ఆయన వచ్చాడు. మూడూ చూశాడు. మళ్లీ చూశాడు.

"మూడూ ఒకటే కదండీ."

మాస్టారి మొహం వెలిగిపోయింది. పట్టీలు మార్చి మళ్లీ ఇచ్చాడు. మళ్లీ అదే మాట. అసలు సంగతి విన్నాక అకౌంట్లాయన మొహం చిన్నబోయింది.

"ఈ కస్తూరి బిల్లులు పెళ్లికి ముందు నుంచీ రాస్తున్నానండీ నేను. ఒక్కరూ చెప్పలేదు."

"ఎవరికి తెలుసు చెప్పడానికి?" అన్నాడు మాస్టారు ఆయన భుజం మీద చెయ్యి వేసి. "మా ఇంజనీరమ్మ కూడా అంతే. రండి, కూర్చోండి."

ఆ పూట ఇంజనీరమ్మా, అకౌంట్లాయనా ఒకే బల్ల దగ్గర భోంచేశారు. ఆయన ఇంట్లో భార్య ఒక సబ్బునే ఎందుకు పట్టుబట్టి కొంటుందో, దాని గురించి తామిద్దరూ ఎన్నిసార్లు పోట్లాడుకున్నారో ఆయన చెబుతుంటే, ఆమె అన్నం చల్లారిపోయేదాకా వింటూ కూర్చుంది. ఆయన ముక్కుకు ఆకు వాసన పట్టడం నేర్పడానికి ఆమెకు కొంత ఓపిక పట్టాల్సి వచ్చింది, కానీ నేర్చుకున్నాడు.

పొద్దుటి పట్టీ ఆమె మానలేదు.

వానాకాలం ముగిసే రోజుల్లో చిట్టికి జ్వరం వస్తే కొన్నాళ్లు సెలవు పెట్టింది. తిరిగి పనిలోకి వచ్చిన రోజు కంట్రోల్ రూమ్‌కు ఇనుప మెట్లెక్కుతోంది. సగం మెట్ల దగ్గర కాలు ఆగిపోయింది. ఏదో ఉంది అక్కడ. ముందు అది వాసన అని కూడా అనిపించలేదు. గదిలోకి ఎవరో వచ్చి మన వెనకాల నిలబడితే చూడకుండానే తెలుస్తుందే, అలా అనిపించింది. పీల్చింది. అంతటా ఉంది. మెట్ల మీదా, రెయిలింగు మీదా, తన చొక్కా చేతి మీదా. ఇంకో అడుగు పైకి వేసేసరికి పోయింది.

పరుగులాంటి నడకతో వాసనల గదికి వెళ్లింది.

"పెద్దది మాస్టారూ," అంది ఊపిరి ఎగబోస్తూ.

"ఏంటమ్మా పెద్దది?"

"కస్తూరి. అందరూ దుప్పటి అన్నారు, పసిపిల్ల మెడ అన్నారు. ఇంత పెద్దదని ఎవ్వరూ చెప్పలేదు. నిమ్మకాయ వాసన నిమ్మకాయంతే ఉంటుంది. ఇది గదంత ఉంది."

మాస్టారు పట్టీల కట్ట విప్పాడు. మూడు పట్టీలు. ఆమె ఒకటి చూపించింది, అదే కస్తూరిది. మళ్లీ కలిపి ఇచ్చాడు. మళ్లీ సరిగ్గా చెప్పింది. మూడోసారి మూడూ కాగితాలైపోయాయి. ఆమె నిరాశగా కుర్చీలో వెనక్కి వాలింది.

"వచ్చింది, పోయింది. మీకూ ఇలా వస్తూ పోతూ ఉంటుందా మాస్టారూ?"

"నాకెందుకు పోతుందమ్మా, నాకు ఎప్పుడూ..." అనబోయి ఆయన ఆగాడు. చేతిలో ఉన్న పట్టీని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. పీల్చి, దించి, కాసేపాగి, మళ్లీ పీల్చాడు. కనుబొమలు దగ్గరపడ్డాయి.

"పోతుందా?" అంది ఆమె ముందుకు వంగి.

"ఉండండి," అన్నాడు మాస్టారు. "ఎప్పుడూ గమనించలేదు. మాట్లాడకండి, ఇంకోసారి చూస్తాను."

ఆమె కూడా ఒక పట్టీ తీసుకుంది. బయట యూనిట్ నుంచి ఎవరో పిలుస్తున్నా, ఇద్దరూ కళ్లు మూసుకుని అలాగే కూర్చున్నారు.